నడకకు ఒక నెపం: డెబ్బై దాటిన తరువాత నిధుల వేట



ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో నేను అన్నిటికంటె ఎక్కువగా వ్రాసిన మందు ఏదని ఎవరైనా అడిగితే, పారసిటమాల్ అనో మెట్‌ఫార్మిన్ అనో చెప్పను. "రోజూ అరగంట నడవండి" అన్నదే ఆ మందు. చీటీలో చివరి వరుసలో వ్రాసే ఆ మందును వాడినవారు మాత్రం బహు స్వల్పం. దుకాణంలో దొరికేవన్నీ కొనుక్కొని వేళకు మింగేవారు; దుకాణంలో దొరకని ఆ ఒక్కదానినీ వదిలివేసేవారు.

దీనికి కారణం అజ్ఞానం కాదు. నడక మంచిదని తెలియనివారు నేడు లేరు. కాని గమ్యం లేని నడక మనిషికి సహజం కాదని నాకు అనిపిస్తుంది. మన పెద్దలు పొలానికి నడిచారు, సంతకు నడిచారు, తిరునాళ్ళకు నడిచారు. ఆరోగ్యం కోసం ఎవరూ నడవలేదు. పార్కులో గానుగెద్దు వలె ఒకే చుట్టు తిరగడం మొదలుపెట్టిన పది మందిలో మూడవ నెలకు మిగిలేది ఇద్దరు ముగ్గురే. కాబట్టి నడకకు ఒక నెపం కావాలి. పదవీ విరమణ తరువాత నాకు దొరికిన అటువంటి నెపం ఒకటి ఉన్నది. దాని పేరు జియోకాషింగ్. మన దేశంలో ఇంకా అంతగా ప్రచారంలోకి రాని ఈ వ్యాపకాన్ని మీకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లంకెబిందెలు కావు, డబ్బాలు

"జియో" అంటే భూమి. "కాష్" అంటే దాచిపెట్టిన వస్తువు. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బాను బహిరంగ ప్రదేశంలో కంటికి కనిపించకుండా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేస్తారు. ఫోను చేతబట్టుకొని ఎవరైనా వెళ్ళి దానిని వెతకవచ్చును. దొరికితే లోపల చుట్టిపెట్టిన కాగితం మీద పేరు, తేదీ వ్రాసి, డబ్బాను మళ్ళీ యథాస్థానంలో ఉంచి రావాలి. పెద్ద డబ్బాలలో చిన్న చిన్న బొమ్మలు, నాణేలు ఉంటాయి. ఏదైనా తీసుకుంటే అంతే విలువైనది గాని, అంతకు మించినది గాని అందులో పెట్టాలి. మన జానపద కథలలో అంజనం వేసి లంకెబిందెల జాడ కనిపెట్టేవారు. ఇక్కడ అంజనానికి బదులు ఉపగ్రహం. బంగారానికి బదులు ఒక కాగితపు చుట్ట.

దీని పుట్టుక విచిత్రమైనది. జి.పి.ఎస్. ఉపగ్రహాల నుండి సామాన్య ప్రజలకు అందే సంకేతాలను అమెరికా సైన్యం ఒకప్పుడు ఉద్దేశపూర్వకంగా మసకబరిచేది. అందువలన సుమారు వంద మీటర్ల తేడా వచ్చేది. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ఆ ఆంక్షను తొలగించాడు. రాత్రికి రాత్రే సంకేతాల కచ్చితత్వం దాదాపు పది రెట్లు పెరిగింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే కంప్యూటరు నిపుణుడు ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపంలో ఒక బకెట్టులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు వంటివి ఉంచి, ఆ స్థానం అంకెలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. మూడు రోజులలోనే ఇద్దరు దానిని కనుగొన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ ఈ ఆట కోసం ప్రత్యేకంగా వెబ్‌సైటును ప్రారంభించాడు. నేడు ప్రపంచమంతటా 30 లక్షలకు పైగా ఇటువంటి డబ్బాలు ఉన్నవి.

అంకెల భాష

సికింద్రాబాదు స్థూలంగా ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 26 నిమిషాలు, తూర్పు రేఖాంశం 78 డిగ్రీల 30 నిమిషాల వద్ద ఉన్నది. అక్షాంశంలో ఒక్క నిమిషం అంటే నేల మీద సుమారు 1,850 మీటర్లు. ఆ నిమిషాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం రెండు మీటర్లకు లోపే. ఈ ఆటలో అంకెలను ఆ వెయ్యవ వంతు వరకు ఇస్తారు. అంటే ఒక మంచం పరుచుకునేంత చోటు వరకు తీసుకువెళ్ళి నిలబెడతారన్నమాట. కాని ఫోనుకు అంత నిశితమైన దృష్టి లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి నుండి కాల సంకేతాలు అందుకొని అది తన స్థానాన్ని లెక్కకడుతుంది. ఆరుబయట అయిదు మీటర్ల తేడా సాధారణం. ఎత్తైన భవనాల నడుమ ఇంకా ఎక్కువ. ఆ చివరి అయిదు మీటర్లే ఆట. అక్కడి నుండి కళ్ళు, చేతులు, బుద్ధి పనిచేయాలి.

ప్రతి డబ్బాకూ రెండు అంకెలు ఇస్తారు. వెతకడం ఎంత కష్టమో ఒకటి, నేల ఎంత కఠినమైనదో మరొకటి. రెండూ 1 నుండి 5 వరకు. వైద్యుడిగా నన్ను ఆకర్షించింది ఈ రెండవ అంకె. 1 అంటే చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా చేరుకోగల చోటు. 5 అంటే తాళ్ళు, పడవలు వంటి సరంజామా అవసరమయ్యేది. మోకాళ్ళ నొప్పులున్నవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు తమ శక్తికి తగినదానిని ముందుగానే ఎంచుకోవచ్చును. వ్యాయామానికి ఇంత స్పష్టమైన మోతాదు సూచిక మరెక్కడా నాకు కనిపించలేదు.

ఇద్దరు ముసలివాళ్ళు, ఒక ఫోను

ఈ ఆటను నాకు నేర్పినది మా మనుమరాలు. సెలవులకు వచ్చినప్పుడు నా ఫోనులో దానిని అమర్చి, "తాతయ్యా, ఇక నీకు వాకింగ్ బోరు కొట్టదు" అన్నది. నాతో వచ్చేందుకు ఒప్పుకున్నవాడు నా పాత మిత్రుడు, రైల్వేలో ఇంజను డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. ఆయన పేరు ఇక్కడ వ్రాయను. సికింద్రాబాదు కేంద్రంగా 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన నాటి నుండి ఈ ఊరిలో ప్రతి వీధిలోనూ అటువంటివారు ఒకరిద్దరు ఉంటారు. కాజీపేట వైపు, వాడి వైపు ప్రతి సిగ్నలూ, ప్రతి మలుపూ చీకటిలో కూడా ఎరిగిన మనిషి ఆయన. రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం పాలపాకెట్టు కోసం వెళ్ళి, ముప్పై సంవత్సరాలుగా నివసిస్తున్న సందు కనిపెట్టలేక, గంటసేపు నిలబడిపోయారు. అప్పటి నుండి ఆయన గడప దాటడం మానివేశారు. ఆయన భార్య నాతో, "అన్నయ్యగారూ, ఆయనకు దారి తప్పుతానన్న భయం కాదు, తప్పినట్టు నలుగురికీ తెలుస్తుందన్న భయం" అన్నారు.

ఆ మాటలో వ్యాధి సగమూ, సమాజం సగమూ ఉన్నవి. దారి తెలియని చోటుకు వెళ్ళి వెతకడమే ఆట అయినప్పుడు, దారి తెలియకపోవడం అవమానం కాదు కదా. అందుకే ఆయనను పిలిచాను.

మేము మొదట కనుగొన్న డబ్బా నగరానికి తూర్పు అంచున ఒక గుండ్రాళ్ళ గుట్ట పక్కన ఉన్నది. ఈ ప్రాంతపు రాళ్ళ వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలిచిన ఆ రాళ్ళ నడుమ ఇరవై నిమిషాలు వెతికాము. ఫోను "మూడు మీటర్లు" అంటుంది, మరుక్షణం "ఎనిమిది మీటర్లు" అంటుంది. నేను ఫోనును చూస్తున్నాను. ఆయన నేలను చూస్తున్నారు. "డాక్టరుగారూ, ఆ చిప్పరాయి పడిన రాయి కాదు, పెట్టిన రాయి" అన్నారు. దాని వెనుకనే ఉన్నది, పాత కెమెరా రీలు డబ్బా. ముప్పై అయిదేళ్ళు పట్టాలను పరికించిన కళ్ళు అవి. లోపలి కాగితం మీద మాకంటె ముందు సంతకం చేసినది జర్మనీ నుండి వచ్చిన యాత్రికుడు, పదకొండు నెలల క్రితం. దాని కింద మా మిత్రుడు నెమ్మదిగా, పూర్తి ఇంటిపేరుతో సంతకం చేశారు.

మెదడులోని పటం

ఇక శాస్త్రం మాట. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ఉన్నది. జ్ఞాపకాలకూ, దారులకూ అదే నిలయం. మనం ఒక నిర్దిష్టమైన చోట ఉన్నప్పుడే స్పందించే కణాలు అందులో ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో కనుగొన్నాడు. దాని పొరుగు భాగంలో స్థలాన్ని గళ్ళుగా కొలిచే కణాలను మోజర్ దంపతులు 2005లో గుర్తించారు. ఆ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి లభించింది. లండన్ వీధులన్నిటినీ కంఠస్థం చేసే టాక్సీ డ్రైవర్లకు హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరులకంటె పెద్దదిగా ఉన్నదని 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం చూపింది. 2011లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో, 120 మంది వృద్ధులలో సగం మంది చేత ఏడాది పాటు క్రమబద్ధంగా నడిపించగా, వారి హిప్పోకాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. కేవలం సాగదీత వ్యాయామాలు చేసినవారిలో అది తగ్గింది.

వీటిని బట్టి జియోకాషింగ్ మతిమరుపును నయం చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. అటువంటి మాట అనే హక్కు ఎవరికీ లేదు. నేను చెప్పగలిగినది ఇంతే: 65 సంవత్సరాలు దాటినవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ, దానితోపాటు వారానికి మూడు రోజులు నిలకడకు, కండబలానికి సంబంధించిన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. గుట్ట పక్కన వంగడం, లేవడం, ఎగుడుదిగుడు నేల మీద అడుగు చూసి వేయడం ఈ రెండవ భాగాన్ని కొంతవరకు నెరవేరుస్తుంది. పార్కులోని సిమెంటు బాట అది చేయలేదు.

ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఫోనులోని బాణం గుర్తు వెంట తల వంచుకొని నడిస్తే దారి వెతికే పని యంత్రానిదే అవుతుంది, మెదడు విశ్రాంతి తీసుకుంటుంది. అందుకని మేము ఒక నియమం పెట్టుకున్నాము. ముందు రోజు సాయంత్రం ఇంటి వద్దనే పటం చూసి, దారిలోని గుర్తులను కాగితం మీద గీస్తాము: గుడి, బడి, పెట్రోలు బంకు, వేపచెట్టు. మరునాడు ఆ కాగితంతోనే వెళతాము. చివరి యాభై మీటర్లు వచ్చేవరకు ఫోను జేబులోనే ఉంటుంది.

ఈ ఊరిలో డబ్బా అంటే

అమెరికా, ఐరోపా నగరాలతో పోలిస్తే మన నగరాలలో ఇటువంటి డబ్బాలు చాలా తక్కువ. కారణం గ్రహించడం కష్టం కాదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోను, గోకుల్ చాట్‌లోను, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లోను పేలుళ్ళు జరిగిన నగరం మనది. "గుర్తు తెలియని వస్తువులను ముట్టుకోకండి" అన్న ప్రకటనను రైల్వే స్టేషనులో వింటూ మనం ముసలివాళ్ళమైనాము. ఇంగ్లండులో సైతం 2011లో వెదర్‌బీ అనే పట్టణంలో ఒక కాష్ డబ్బాను బాంబు అని అనుమానించి సైనిక నిపుణులు పేల్చివేశారు. కాబట్టి అనుమానించేవారిని తప్పుపట్టరాదు.

ఒకసారి ఒక ప్రహరీ గోడ పక్కన వెతుకుతుండగా కాపలా మనిషి వచ్చి, "ఏం పోగొట్టుకున్నారు సార్?" అని నిలదీశాడు. దాచిపెట్టకుండా ఫోను చూపించి సంగతంతా వివరించాను. అయిదు నిమిషాలలో అతడు కూడా వంగి వెతకసాగాడు. ఆ రోజు డబ్బా దొరకలేదు. ఆ తరువాత వారం మేము అటువైపు వెళితే, "వానకు కొట్టుకుపోయి ఉంటది సార్, మోరీలో కూడా చూసిన" అన్నాడు. దొంగచాటుగా వెతకవద్దు, అడిగినవారికి నిజం చెప్పండి అన్నదే నా సలహా. సికింద్రాబాదులో సైనిక ప్రాంతాలు అధికం. కంటోన్మెంటు నిషిద్ధ స్థలాలు, రైలు పట్టాలు, విమానాశ్రయ పరిసరాలు, పాఠశాలల ఆవరణలు ఈ ఆటకు పనికిరావు. యజమాని అనుమతి లేని చోట ఎవరూ డబ్బా దాచకూడదు, దాచినా వెతకకూడదు.

డబ్బా లేకుండా కూడా ఈ వేట సాగించవచ్చును. ఒక విశేషమైన చోటు అంకెలను మాత్రమే ఇచ్చి, అక్కడికి వెళ్ళి చూస్తే తప్ప జవాబు తెలియని ఒక ప్రశ్న వేయడం ఆ పద్ధతి. మేము ప్రస్తుతం ఎక్కువగా ఆడుతున్నది ఇదే. నేను ఒక చోటు ఎంచి మిత్రునికి అంకెలు ఇస్తాను. మరుసటి వారం ఆయన నాకు ఇస్తారు.

నేను ఆయనకు ఇచ్చిన మొదటి అంకెలు బేగంపేటలో పాత విమానాశ్రయం సమీపాన ఉన్న రొనాల్డ్ రాస్ భవనానివి. 1897 ఆగస్టు 20న ఆ సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన ఒక దోమ జీర్ణాశయపు గోడలో ఆ వ్యాధి పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి, కుట్టించుకున్న ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి ఆ దోమలను సేకరించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దాగి ఉన్నదానిని వెతకడంలో ఇంతకు మించిన ఉదాహరణ మన ఊరికి మరొకటి లేదు. దీనికి ముందు కథ కూడా ఒకటి ఉన్నది. భారతదేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వేలో లాంబ్టన్‌కు సహాయకుడిగా 1818లో చేరిన జార్జ్ ఎవరెస్ట్, ఆ మరుసటి సంవత్సరమే కృష్ణా గోదావరి నదుల మధ్య అడవులలో తన బృందంతో సహా తీవ్ర జ్వరాల పాలైనాడు. కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్ వరకు వెళ్ళవలసివచ్చింది. అక్షాంశ రేఖాంశాలను మనకు సమకూర్చినవారు ఆ అంకెల కోసం ప్రాణాలను పణంగా పెట్టారు. మనం వాటిని ఫోనులో ఉచితంగా చూసుకుంటున్నాము.

బయలుదేరే ముందు

వైద్యుడిగా కొన్ని జాగ్రత్తలు చెప్పవలసి ఉన్నది.

1. ఒంటరిగా వెళ్ళవద్దు. ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పండి.

2. రాళ్ళ సందులలో, చెట్టు తొర్రలలో నేరుగా చేయి పెట్టవద్దు. చేతికర్రతో ముందు కదిలించి చూడండి. పాము కాటేస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయకూడదు. కాటు పడిన అవయవాన్ని కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి వెంటనే చేరుకోవాలి.

3. కుక్క కరిచినా, గీరినా ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం.

4. రక్తపోటుకు, ప్రోస్టేటు గ్రంథికి మందులు వాడేవారు వంగి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చును. దేనినైనా పట్టుకొని నెమ్మదిగా లేవండి.

5. మధుమేహులు మేజోళ్ళు, మూసి ఉండే బూట్లు ధరించాలి. ఇంటికి వచ్చాక అరికాళ్ళు పరీక్షించుకోవాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారు జేబులో గ్లూకోజు గాని చక్కెర గాని ఉంచుకోవాలి. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి వస్తే వేట ఆపి ముందు అది నోట్లో వేసుకోవాలి.

6. వేసవిలో ఉదయం తొమ్మిది లోపు ఇల్లు చేరండి. నీళ్ళ సీసా, టోపీ మరువవద్దు.

7. నడుస్తుండగా ఛాతీలో బిగుతు, ఎడమ చేతిలో లాగుడు, అసాధారణమైన ఆయాసం కలిగితే అక్కడే కూర్చుని సహాయం పిలవండి. డబ్బా ఎక్కడికీ పోదు.

దారి మరచిపోవడం గురించి

ఇంటిలోని పెద్దవారు తెలిసిన దారిలోనే తడబడితే, "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకండి. అది మతిమరుపు వ్యాధికి తొలి లక్షణం కావచ్చును. బి12 లోపం, థైరాయిడ్ మాంద్యం, మానసిక కుంగుబాటు, కొన్ని మందుల దుష్ప్రభావం వలన కూడా ఇటువంటివి కలుగుతాయి. వీటికి చికిత్స ఉన్నది. అందుచేత నరాల వైద్యునికి చూపించి, పరీక్షలు చేయించండి. వారి జేబులో ఇంటి చిరునామా, ఫోను నంబరు వ్రాసిన చీటీ ఉండనివ్వండి. కాని ఆ తరువాత వారిని గదిలో కూర్చోబెట్టి తలుపు వేయకండి.

మా మిత్రునికి చేసిన పరీక్షలలో సరిదిద్దగల కారణం ఏదీ బయటపడలేదు. వ్యాధి తన దారిన తాను సాగుతూనే ఉన్నది. నిరుటికంటె ఈ ఏడు మాటలు ఎక్కువగా తడుముకుంటున్నారు. ఈ వ్యాపకం దానిని ఆపలేదు. ఆపుతుందని నేను ఆయన కుటుంబానికి ఏనాడూ చెప్పలేదు. అయితే ఆయన మళ్ళీ గడప దాటారు. రాత్రి నిద్ర మెరుగుపడింది. ఆదివారం ఉదయం అయిదున్నరకే బూట్లు వేసుకొని వరండాలో కూర్చుంటున్నారని ఇంటివారు చెబుతారు. ఎన్ని సంవత్సరాలు, ఎన్ని నెలలు ఇది సాగుతుందో వైద్యునిగా నేను అంచనా వేయగలను. మిత్రునిగా ఆ లెక్క వేయడం మానుకున్నాను.

మీ ఊరిలో డబ్బా ఒక్కటీ లేకపోవచ్చును. అయినా పాత బావి, శాసనం చెక్కిన రాయి, ఊడలు దిగిన మర్రి, ఎవరో పేరు మరచిన సమాధి, ఏదో ఒకటి తప్పక ఉంటుంది. దాని అంకెలు ఒక కాగితం మీద వ్రాసి, మీ వీధిలో బయటకు రావడం మానివేసిన ఒకరికి ఇవ్వండి. వారితో కలిసి మీరూ నడవండి. వారానికి 150 నిమిషాలు ఎలా పూర్తయ్యాయో మీకే తెలియదు.